డేగలదిన్నె కోటకు కొత్త వెర్షన్

డేగలదిన్నె కోటలో డ్రాగన్ కనబడటం లేదని మొదటి ఫిర్యాదు అందిన రోజున, నేనూ ఇందుమతీ హైదరాబాదులో మా ఆఫీసులో కూర్చుని ఆ డ్రాగన్ తోకకు ఏ రంగు బాగుంటుందా అని పోట్లాడుకుంటున్నాం.

మాది వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ. ఇందుమతి బొమ్మలు వేస్తుంది. ఆమె వేసిన కోటల్లో ఎవరుంటారో, వాళ్లు ఎందుకు కొట్టుకుంటారో నేను రాస్తాను. మా యజమాని కిరీటికి చాలాకాలంగా ఒకటే దిగులు. మనవాళ్లు చేసే మాయాలోకపు గేములన్నిట్లోనూ కోటలు మంచు కురిసే దేశాల కోటల్లాగే ఉంటాయని. "మనకు కోటల్లేవా? ఎండ లేదా? తుమ్మచెట్లు లేవా? పోయి చూసి రండి" అని మమ్మల్నిద్దర్నీ రాయలసీమకు తోలాడు.

డేగలదిన్నె కోట ఒక బోడికొండ మీద ఉంది. దాన్ని ఎవరు కట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు. గేటు దగ్గరి బోర్డు చదివితే తెలిసేదేమో గానీ, దాని మీద ప్రేమికులు తమ పేర్లు చెక్కుకున్నారు. ఏనుగులు నడిచిన సింహద్వారంలోంచి మేకలు తీరిగ్గా పోతున్నాయి. పడమటి బురుజు సగం కూలింది. మిగిలిన సగం నడుం మీద చెయ్యి పెట్టుకున్న ముసలావిడలా కాస్త వంగి నిలబడి ఉంది. రాళ్ల సందుల్లో చిలుకలు కాపురాలు పెట్టాయి.

ఇందుమతి ఆ బురుజు నీడలో కూర్చుని పొద్దంతా బొమ్మ వేసింది. అక్కడ తాగడానికి నీళ్లు లేవు. ఆడవాళ్లు పోవడానికి చోటూ లేదు. తెచ్చుకున్న సీసాలో నీళ్లు కూడా తాగకుండా కూర్చుంది, పాపం. సాయంత్రానికి కోట మొత్తం కాగితం మీద లేచి నిలబడింది. కూలిన గోడలు ఎత్తుగా, కాగడాలు వెలుగుతూ, వెనక నిండు చంద్రుడు, సింహద్వారం మీద రెక్కలు చాచిన డ్రాగన్.

"బురుజేది?" అన్నాను.

"చంద్రుడికి అడ్డొస్తోంది. గేములోంచి తీసేశాను" అంది. తరవాత అసలు బురుజు మీద చెయ్యి వేసి, "ఏమనుకోకు" అంది మెల్లగా.

శిథిల సౌందర్య పరిరక్షణ శాఖ వారు మాకు ఫొటోలు తీసుకునే అనుమతి ఇస్తూ, తయారైన చిత్రం ప్రతి ఒకటి తమకు సమర్పించాలని షరతు పెట్టారు. సమర్పించాం. శాఖ దగ్గరున్న ఫొటోలో కోట కంటే ముళ్లకంప ఎక్కువ కనిపిస్తుంది. మా బొమ్మలో కోట కనిపిస్తుంది. అందుకని వాళ్లు మా బొమ్మనే వెబ్‌సైటులో పెట్టి, హైవే పొడుగునా హోర్డింగులు వేయించారు. జనం రావడం మొదలుపెట్టారు. నంద్యాల నుంచి వచ్చిన ఒకాయన పిల్లలు డ్రాగన్ లేదని కింద పడి దొర్లి ఏడ్చారట. ఆయన మర్యాదస్తుడు. "డ్రాగన్ సెలవులో ఉన్నచో ఆ సంగతి గేటు వద్ద ముందుగా తెలియజేయాలి" అని మాత్రం రాశాడు.

శాఖ ఆఫీసు నుంచి మాకు కబురొచ్చింది. వెళ్లాం.

ప్రాంతీయ సంచాలకులు విశ్వపతి గారు లంచం ముట్టరు, ఆలస్యంగా రారు, కుర్చీలో కునుకు తీయరు. అందుకే కింది ఉద్యోగులకు ఆయనంటే అంత భయం. మమ్మల్ని కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నారు.

"పర్యాటకుల ఆశాభంగ నివారణ నియమావళి ప్రకారము, ప్రచార చిత్రమునకును క్షేత్రస్థాయి వాస్తవమునకును వ్యత్యాసము ఉండరాదు. ఉన్నచో తక్షణమే సరిచేయవలెను."

"అయితే ఆ బొమ్మ తీసేయండి సార్, సరిపోతుంది" అంది ఇందుమతి.

ఆయన ఆమెను జాలిగా చూశారు. "అమ్మా, సదరు చిత్రమునకు అన్ని స్థాయిలలోను ఆమోదము లభించినది. కోటకో, ఎవ్వరి ఆమోదమూ లేదు. దానిని నిర్మించిన వారు ఏ కార్యాలయము నుంచీ అనుమతి పొందిన దాఖలా లేదు. ఆమోదము లేని దాని కోసము ఆమోదము పొందిన దానిని మార్చమందురా?"

ఇందుమతి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"కనుక వాస్తవమును సరిచేయుచున్నాము. డ్రాగన్ ఏ శాఖ పరిధిలోనికి వచ్చును?"

అది ఎవరికీ తెలియలేదు. అటవీ శాఖ వారు రెక్కలున్నాయి కాబట్టి పశుసంవర్ధక శాఖ వారిని అడగమన్నారు. వాళ్లు తమకు కోళ్ల వరకే అధికారం ఉందన్నారు. చివరికి డ్రాగన్‌ను తాత్కాలిక సిబ్బంది కింద చేర్చుకుని ప్రకటన ఇచ్చారు. స్థానికుడై ఉండవలెను, పదో తరగతి ఉత్తీర్ణుడై ఉండవలెను, ఎగరగలవారికి ప్రాధాన్యత ఇవ్వబడును.

ఎగరగలవాళ్లెవరూ రాలేదు. భీమలింగం వచ్చాడు.

భీమలింగం ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిట్లోనూ నాటకాల్లో రాక్షస వేషాలు కట్టినవాడు. ఆయన స్టేజీ మీదికి వస్తే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లట. నాటకాలు ఆగిపోయాక ఆయన గొంతుకు పనిలేకుండా పోయింది. ఇంట్లో ఉప్పు అందియ్యమన్నా వీధి చివరికి వినబడేదని భార్య కసురుకునేది. రేకులతో, ఫైబరుతో చేసిన డ్రాగన్ తొడుగులోకి దూరాక ఆయన మొహం వెలిగిపోయింది.

"నాయనా, దీని మాటలు ఎవరు రాసినారు?" అని నన్ను అడిగాడు.

"గేములో డ్రాగన్ మాట్లాడదండి."

"మాట్లాడకుంటే అదేం రాక్షసజాతి! జనం యాడన్న ఒప్పుకుంటారా?" అని, సింహద్వారం మీదికెక్కి, రెక్కలు విదిలించి, రాగం ఎత్తుకున్నాడు. కొండ కింద ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి.

తరవాత నిప్పుల సమస్య వచ్చింది. బొమ్మలో డ్రాగన్ నోట్లోంచి మంటలు వస్తున్నాయి. అగ్నిమాపక అధికారి వచ్చి కోటలో మంట పెట్టడానికి వీల్లేదన్నాడు. పోనీ పొగ వదులుదామంటే, విశ్వపతి గారు గోడ మీది 'పొగ త్రాగరాదు' అన్న హెచ్చరిక చూపించారు.

"డ్రాగన్ పొగ తాగట్లేదు సార్, వదులుతుందంతే" అన్నాను.

"త్రాగకుండా ఎట్లు వదులును?" అన్నారాయన.

మిగిలింది ఆవిరి. కొండ కింద టిఫిను బండి నడిపే రంగమ్మ తన పెద్ద ఇడ్లీపాత్రను అరువిచ్చింది. దాన్ని గ్యాసు పొయ్యితో సహా ద్వారం వెనక గదిలో పెట్టి, గొట్టం ఒకటి డ్రాగన్ నోటిదాకా లాగారు. వంట కోసం వెలిగించే పొయ్యి మంటల కిందికి రాదని అగ్నిమాపక అధికారి ఒప్పుకున్నాడు. కాకపోతే వంట జరిగి తీరాలన్నాడు. అందుకని పాత్రలో ఇడ్లీలు కూడా పెట్టాల్సి వచ్చింది. డ్రాగన్ భీకరంగా గర్జించి బుస్సుమని ఆవిరి వదిలాక, వెనక రంగమ్మ వేడివేడి ఇడ్లీలు పళ్లేల్లో పెట్టి ఇచ్చేది. జనం ఒకసారి గర్జన విని, ఒక వాయి తిని, మళ్లీ గర్జించమని బతిమాలేవాళ్లు. నంద్యాల కుటుంబం మళ్లీ వచ్చింది. ఆయన తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ, "డ్రాగన్ అద్భుతం. చట్నీలో ఉప్పు తగ్గింది" అని రాశాడు.

అంతవరకూ మాకు నవ్వులాటగానే ఉంది. ఒకరోజు పొద్దున్నే, మేం నంద్యాల లాడ్జిలో ఉండగా, భీమలింగం ఇందుమతికి ఫోను చేశాడు.

"అమ్మా, బురుజును పడగొట్టనీకి జేసీబీ వచ్చిండాది. నేను అడ్డం నిలబడుకున్నా. బిరీన రాండి."

ఇందుమతి మొహం పాలిపోయింది. దారి పొడుగునా గోళ్లు కొరుకుతూనే ఉంది. మేం చేరేసరికి కొండ మీద జేసీబీ చెయ్యెత్తి నిలబడి ఉంది. దాని ముందు డ్రాగన్ రెక్కలు చాచి నిలబడి ఉంది. "పెద్దాయనా, పక్కకు జరుగు, నాకు వేరే పనుండాది" అని డ్రైవరు బతిమాలుతున్నాడు. విశ్వపతి గారు మా బొమ్మను ఎండలో పట్టుకుని బురుజుతో పోల్చి చూస్తున్నారు.

"చిత్రములో లేని అదనపు కట్టడము. తొలగించుచున్నాము" అన్నారు.

"సార్, అది వందల ఏళ్ల నుంచి ఉంది! చంద్రుడు కనబడాలని నేను తీసేశాను. బొమ్మలో తీసేశాను సార్, బొమ్మలో!" ఇందుమతి బురుజు ముందుకు పరిగెత్తింది.

"చంద్రునికి అడ్డుగా ఉన్నదన్నమాట." ఆయన బొమ్మలో చంద్రుడి మీద వేలు పెట్టి చూశారు. "చంద్రుని తొలగించు అధికారము మా శాఖకు లేదు. బురుజును తొలగించు అధికారము కలదు."

ఇందుమతి బురుజుకు వీపు ఆనించి కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పైన చిలుకలు గోలగోలగా అరుస్తున్నాయి. ఇంతలో ఆమె ఉన్నట్టుండి తల ఎత్తింది.

"సార్, మేమే ఆ బొమ్మ సవరించి, కొత్తది విడుదల చేస్తే?"

"సవరించిన చిత్రమునకు సంఖ్య ఉండునా?"

"ఉంటుంది సార్. వెర్షన్ నంబరు ఉంటుంది."

విశ్వపతి గారి మొహంలో మొదటిసారి గౌరవం లాంటిది కనిపించింది. "జేసీబీ వారు టీ త్రాగి వచ్చెదరు. అంతవరకు వేచియుండగలను."

ఇందుమతి లాప్‌టాప్ తెరిచింది. అంత వేగంగా ఆమె బొమ్మ వేయడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో రాయినీ తలెత్తి చూస్తూ, తల దించి గీస్తూ, నడుము మీద చెయ్యి పెట్టుకున్న ఆ ముసలావిడను మళ్లీ కోటలోకి తెచ్చి నిలబెట్టింది. చిలుకల్ని కూడా వేసింది. నేను పక్కన కూర్చుని, 'పడమటి బురుజు తిరిగి ప్రవేశపెట్టబడినది' అని టైపు చేశాను. కిరీటి ఫోనులో అరుస్తున్నాడు. "మరి చంద్రుడు?"

"పక్కకు జరిపాం" అన్నాను.

"చంద్రుణ్నా?"

బొమ్మ పంపుదామంటే, మాటలకు అందిన సిగ్నలు బొమ్మకు అందడం లేదు. భీమలింగం నా ఫోను రెక్క చివర కట్టించుకుని, కూలిన గోడ మీదికెక్కి, రెక్క ఆకాశానికి చాపి నిలబడ్డాడు. టీ తాగి వచ్చిన డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, ఆ దృశ్యం చూసి మళ్లీ ఆపేశాడు. తెర మీద నీలిగీత నత్తలా పాకి పాకి చివరికి చేరింది.

విశ్వపతి గారు తన ఫోనులో చూసుకున్నారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "వెర్షన్ ఒకటి పాయింటు ఒకటి" అని పైకి చదివారు. "సంఖ్య గల పత్రమును ప్రశ్నించు అధికారము నాకు లేదు. బురుజు ఉండవలెను." జేసీబీని పొమ్మని సైగ చేశారు. వెళ్లబోతూ ఆగారు. "ఆ చిలుకలు ఎన్ని?"

"లెక్కపెట్టలేదు సార్. గుంపు" అంది ఇందుమతి.

"గుంపు అనునది సరిపోవును" అన్నారాయన.

తిరుగుదారిలో ఇందుమతి కడుపు పట్టుకుని నవ్వింది. ఊరు దాటాక నవ్వు ఆపి, నా వైపు తిరిగింది.

"అంటే, నేనేది గీస్తే అది చేస్తారన్నమాట" అంది.

మరుసటి వెర్షన్‌లో ఆమె సింహద్వారం పక్కన ఆడవాళ్లకు మరుగుదొడ్లు, ఒక మంచినీళ్ల కుళాయి వేసింది. గేముకు తగినట్టు కమానులతో, బురుజులతో వేసింది. శాఖవారు కమానులతో, బురుజులతోనే కట్టించారు. బొమ్మలో కుళాయిలోంచి నీళ్లు వస్తున్నాయి గనుక అసలు కుళాయిలోంచి కూడా నీళ్లు రప్పించారు.

అది చూడ్డానికి మేం వెళ్లిన రోజున డేగలదిన్నె సర్పంచ్ నాగరత్నమ్మ మాకోసం ఎదురుచూస్తూ ఉంది. జొన్నరొట్టెలు, వంకాయ కూర తెచ్చింది. మేం తిన్నంతసేపూ కొసరి కొసరి వడ్డించింది. చేతులు కడుక్కున్నాక ఇందుమతి పక్కన చేరింది.

"బొమ్మలు గీసే పాపవు నువ్వేనంట గదా. మా ఊరికి బస్సు రాదు మ్మా. ఆడపిల్లలు కాలేజీకి పోవల్లంటే హైవే దాకా ఎండలో నడ్సల్ల. శానా మంది మానేసినారు. ఎన్ని అర్జీలు ఇచ్చినా ఎవురూ పలకల్యా. నువ్వు ఒక బస్సు గీయి మ్మా."

"అమ్మా, ఇది మాయాలోకం. కత్తులు, రాజులు, మంత్రగాళ్లు..." అని నేను మొదలుపెట్టాను.

"వాళ్లు మాత్రం యాడికన్నా పోవల్ల గదా నాయనా" అంది నాగరత్నమ్మ.

నిజమే. బొమ్మ అంచు కాస్త కిందికి జరిపితే ఊరు కూడా అందులోకి వస్తుంది. ఇందుమతి కొండ కింద రాతి స్తంభాల బస్టాపు వేసింది. కవచాలు తొడుక్కున్న వీరులు, వాళ్ల పక్కన పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలు, అందరూ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు వేసింది. కిరీటి జుట్టు పీక్కున్నాడు. గేము ఆడేవాళ్లకు మాత్రం తెగ నచ్చింది. ఇంత నమ్మశక్యంగా ఉన్న మాయాలోకాన్ని ఎక్కడా చూడలేదన్నారు. బస్సు వేళకు రావడం ఒక్కటే మరీ అతిగా ఉందని కొందరు విసుక్కున్నారు.

బస్సు వచ్చింది. వేళకే వచ్చింది. ఆడపిల్లలు ఎక్కారు. మొదటి రోజున నాగరత్నమ్మ కూడా ఎక్కి, కాలేజీ దాకా ఊరికే వెళ్లి, ఊరికే తిరిగొచ్చిందట.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం విశ్వపతి గారే స్వయంగా ఫోను చేశారు. ఆయన గొంతు మామూలు కంటే చిన్నగా ఉంది.

"తదుపరి వెర్షన్ ఎప్పుడు వచ్చునో తెలిసికొనవలెనని. అధికారికముగా నేనేమియు అనుట లేదు. డేగలదిన్నె పాఠశాల పైకప్పు చిత్రములో స్పష్టముగా కనబడుట లేదు. వాస్తవములో చాల స్పష్టముగా కనబడుచున్నది. లోపలి నుండి ఆకాశము కూడ కనబడుచున్నది."

ఇందుమతి అప్పుడే లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "వేస్తాను సార్" అంది.

"నేనేమియు అనలేదు" అని ఆయన పెట్టేశారు.

బడికి కప్పు వేశాక మిగిలింది ఆస్పత్రి. డేగలదిన్నెలో ఆస్పత్రి భవనం ఉంది, తాళం కూడా ఉంది. డాక్టరు ఎప్పుడూ లేడు. ఇందుమతి బొమ్మలో తాళం తీసేసి, గుమ్మంలో వైద్యుణ్ని నిలబెట్టాలనుకుంది. ఎలా ఉండాలని నన్ను అడిగింది. మాయాలోకంలో వైద్యుడంటే ఎలా ఉంటాడు? బొడ్డుదాకా తెల్లటి గడ్డం ఉంటుంది. అదే చెప్పాను. అదే వేసింది. విడుదల చేశాం.

కొన్నాళ్లు ఏ కబురూ లేదు. తరవాత విశ్వపతి గారి నుంచి సందేశం వచ్చింది. 'వైద్యుని నియామకము పూర్తయినది. గడ్డము విషయమై రెండు శాఖల మధ్య సంప్రదింపులు జరిగి, అనుకూలముగా ముగిసినవి.'

వెంటనే బయల్దేరాం.

ఆస్పత్రి ముందు వరండా దాటి వీధి దాకా జనం నిలబడి ఉన్నారు. లోపల బల్ల వెనక డాక్టర్ పర్వీన్ అనే చిన్నవయసు అమ్మాయి కూర్చుని ఉంది. కడప నుంచి వచ్చిందట. మెడలో స్టెతస్కోపు, చెవులకు దారాలతో తగిలించిన తెల్లటి దూది గడ్డం. అది జారకుండా భీమలింగం తన వేషాల జిగురు ఇచ్చాడట. ఆ గడ్డాన్ని ఎడమచేత్తో పక్కకు తోసుకుంటూ ఒక ముసలావిడ ఛాతీ పరీక్ష చేస్తోంది.

"అవ్వా, నీకు భయం వెయ్యలేదా?" అని నేను బయటికొచ్చిన ఆ ముసలావిడను గుసగుసగా అడిగాను.

"ఎందుకు నాయనా? హస్తవాసి మంచిది" అని మందు చీటీ చూసుకుంటూ వెళ్లిపోయింది.

ఇందుమతి సిగ్గుతో బల్ల దగ్గరికి వెళ్లింది. "డాక్టరు గారూ, తప్పు మాదే. ఆ బొమ్మ వేసింది నేను. క్షమించండి. ఇక్కడే, ఇప్పుడే తీసేస్తాను. సాయంత్రానికల్లా మీకు గడ్డం ఉండదు" అంటూ లాప్‌టాప్ తెరిచింది.

పర్వీన్ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "మీరేనా?" అంది. చేతిలో పెన్ను పక్కన పెట్టి, ఒక స్టూలు లాగి తన పక్కన వేసింది. "కూర్చోండి. గడ్డం జోలికి పోకండి, అదేం బరువు కాదు. ఆ మూల గది చూశారా, ఖాళీగా ఉంది? అక్కడ ఎక్స్‌రే మిషను గీయండి."

"గీస్తాను" అంది ఇందుమతి.

"పక్కన దాన్ని నడిపే మనిషిని కూడా గీయండి. లేకపోతే మిషను ఒక్కటే పంపిస్తారు."

ఆ మాట అని, గడ్డం సర్దుకుని, "తర్వాతెవరు?" అని గుమ్మం వైపు కేకేసింది.